లిండె అడిగిన అంకె

మంచు కొండల నడుమ ఓబర్‌మోస్ అనే ఊళ్ళో బుర్గికి అబద్ధం చెప్పని మనిషంటూ లేడు. అందులో వాళ్ళ తప్పు కొంతే, మిగతాది ఆమె పనిది. బరువెంత, వయసెంత, స్కీయింగు ఏపాటి వచ్చు, ఈ మూడూ అడగకుండా ఆమెకి రోజు గడవదు. ఈ మూడింటికీ నిజం చెప్పే మనిషి ఇంకా పుట్టలేదు. ఆడవాళ్ళు బరువు దగ్గర తగ్గిస్తారు, మగవాళ్ళు నైపుణ్యం దగ్గర పెంచుతారు, వయసు దగ్గరికి వచ్చేసరికి అందరూ ఒక్కటైపోతారు.

ఊరి మధ్యలో ఆల్విన్ స్కీ దుకాణం. దాని వెనక గదిలో, కరిగిన మైనం వాసన మధ్య, బుర్గి బైండింగులు సరిచేస్తుంది. బూటుని స్కీకి, అంటే మంచు మీద జారే పొడవాటి పలకకి, పట్టి ఉంచేదే బైండింగు. మనిషి సరిగ్గా జారుతున్నంతసేపూ అది వదలకూడదు. పడి కాలు మెలిపడే క్షణంలో పట్టి ఉంచకూడదు. ఎంత బలానికి వదలాలో చెప్పే అంకె దాని మీద ఓ చిన్న కిటికీలో కనిపిస్తుంది. స్క్రూ తిప్పితే అంకె పెరుగుతుంది, తగ్గుతుంది. మరీ తక్కువ పెడితే స్కీ ఊరికే ఊడిపోతుంది. మరీ ఎక్కువ పెడితే స్కీ ఊడదు, మోకాలు ఊడుతుంది. బుర్గి చదువంతా ఇంతే. కానీ ఈ కాస్త చదువుతోనే ఆమె ఎన్ని కాళ్ళు కాపాడిందో ఆమెకే తెలియదు, ఆ కాళ్ళ వాళ్ళకీ తెలియదు.

పట్నం నుంచి వచ్చే అతిథులతో ఆమెకి పేచీ లేదు. నెత్తి నుంచి పాదాల దాకా ఒక్క చూపు చూసి, వాళ్ళు మింగిన కిలోలు తనే కలిపేసుకుంటుంది.

"అరవై రెండు కిలోలండీ," అంటుంది వియన్నా నుంచి వచ్చిన ఒకావిడ, భర్తకి వినపడకుండా.

"అలాగేనమ్మా. ఆ కోటు జేబుల్లో ఇంకో ఎనిమిది ఉన్నట్టున్నాయి, వాటినీ కలుపుతున్నా," అంటుంది బుర్గి, భర్తకి వినపడేలా.

తలనొప్పంతా సొంత ఊరివాళ్ళతోనే. మా లోయలో ఆ అంకె ఓ పరువు. ఆదివారం పూజ అయ్యాక హోటల్లో బీరు ముందు కూర్చున్న మగాళ్ళు పంట గురించీ పాల ధర గురించీ ఎంతసేపు మాట్లాడతారో, బైండింగు అంకె గురించి అంతకంటే ఎక్కువసేపు మాట్లాడతారు. నీదెంత అంటే ఎనిమిది అంటాడొకడు, నాది తొమ్మిదిన్నర అని మీసం దువ్వుతాడింకొకడు. నడక రాకముందే స్కీల మీద నిలబడ్డ జాతి మాది, మా స్కీలు ఊడటమేంటని రోషం. మొన్నామధ్య చెక్క కోసే ఒకాయన మోకాలికి కట్టుతో, చంకల్లో కర్రలతో హోటల్లోకి దిగబడి, "కాలు పోయిందిరా, కానీ స్కీ ఊడలేదు!" అని అందరికీ తన ఖర్చుతో తాగించాడు. బుర్గి ఆ బీరు ముట్టుకోలేదు. ఆ ఊళ్ళో అలాంటివాళ్ళని చూసి నవ్వలేని మనిషి ఆమె ఒక్కతే, ఎందుకంటే ఆమె కాలు కూడా అలాగే పోయింది.

పదహారేళ్ళ వయసులో ఈ లోయలో బుర్గిని మించిన పిల్ల లేదు. రాష్ట్రం జట్టులోకి ఎంపిక పందెం నాటి ఉదయం వాళ్ళ నాన్న స్క్రూడ్రైవరు తెచ్చి, "పందెంలో స్కీ ఊడితే ఇంటి పరువు పోతుంది," అని ఆమె బైండింగులు తిరగనంతవరకూ బిగించాడు. జున్ను చేసే మనిషి, చేతుల్లో సత్తువకి కొదవ లేదు. నీడవాలు అని పిలిచే గట్టి మంచు వాలు మీద బుర్గి పడింది. స్కీ ఊడలేదు. బూటు పైనుంచి ఎముక మెలితిరిగి విరిగింది. అతుక్కుంది గానీ పాదం కొంచెం బయటికి తిరిగి అతుక్కుంది. చలి పెరిగినప్పుడు ఆమె నడక చూస్తే ఎవరికైనా తెలుస్తుంది.

జట్టులో ఖాళీ అయిన ఆ చోటు చెల్లెలు గెర్లిండెకి దక్కింది. బుర్గి కంటే మూడేళ్ళు చిన్నది, అందరూ లిండె అంటారు. కొత్తది కుట్టించే వ్యవధి లేదని అక్క పందెం బట్టలే చెల్లెలికి తొడిగారు. మంచం మీద, పిండికట్టులో కాలుతో, బుర్గి ఆ బట్టలు వాకిలి దాటి పోవడం చూసింది. అప్పటి నుంచీ లిండె బతుకు లిండెది. పత్రికలో ఫోటో వచ్చింది. చిన్న వయసువాళ్ళకి పెట్టే పెద్ద పోటీలో ఒకసారి మూడో స్థానం వచ్చింది. తిరిగొచ్చి ఊళ్ళో స్కీ బడికి పెద్దయింది. ఇప్పటికీ జర్మనీ నుంచి వచ్చేవాళ్ళు ఆమె దగ్గరే నేర్చుకుంటామని క్యూ కడతారు. నా కాలు విరక్కపోతే లిండె ఎవరు, అని బుర్గి తనని తాను అడగని రోజు లేదు. ఊళ్ళో ఇంకెవరూ అడగలేదు, ఆమెని మరీ మండించేది అదే.

ఇద్దరూ నాన్న ఇంటినే రెండు భాగాలు చేసుకుని ఉంటున్నారు. ఎండ వచ్చేది లిండె వైపు. బుర్గి వైపు చూరు కింద మంచు ఏప్రిల్ దాకా కరగదు. వాటాలు చీట్లేసి పంచుకున్నారు, ఇందులో లిండె చేసిందేమీ లేదు. అయినా ఎండ పడ్డ ప్రతి రోజూ బుర్గికి ఒళ్ళు మండుతుంది. చెల్లెలి జుట్టు ఇంకా నెరవలేదని మండుతుంది. చెల్లెలు నవ్వితే వీధి చివరి దాకా వినిపిస్తుందని మండుతుంది. బుర్గి భర్త వెండెలిన్ మంచు చదును చేసే బండి నడుపుతాడు. నెమ్మదైన మనిషి, వారానికి సరిపడా మాటలు సోమవారమే ఆడేసినట్టుంటాడు. అలాంటివాడు ఒకసారి నోరు జారి, "మీ చెల్లెలు మలుపు తిరుగుతుంటే వెన్న మీద కత్తి పోయినట్టుంటుందే," అన్నాడు. ఆ రోజు నుంచి ఈ రోజు దాకా ఆయన రొట్టెకి ఆయనే వెన్న రాసుకుంటున్నాడు.

వీటన్నిటికీ మించింది గంట. అతిథుల రద్దీ తగ్గాక ఫిబ్రవరి చివర్లో ఊరివాళ్ళకి మాత్రమే ఒక పందెం జరుగుతుంది. ఆడవాళ్ళలో గెలిచిన మనిషి ఇంటి చూరుకి ఏడాది పాటు ఒక పెద్ద ఆవు గంట కడతారు. పన్నెండేళ్ళుగా అది లిండె చూరుకే వేలాడుతోంది. గాలి వీస్తే మోగుతుంది. చీట్లలో ఎండ వైపు పోగొట్టుకున్నట్టే గాలి వైపు కూడా పోగొట్టుకుని ఉంటే బావుండేదని బుర్గి చాలాసార్లు అనుకుంది.

అయితే ఆ పన్నెండేళ్ళూ లిండె స్కీలు సిద్ధం చేసింది బుర్గే. ఇంకెవరి చేతా చేయించుకునేది కాదు లిండె. స్కీలు బాగా జారేలా అడుగున మైనం పూయడంలో, అంచులు పదును పెట్టడంలో అక్కకి సాటి లేరని ఆమెకి తెలుసు. ఆ మాట పైకి అనేది మాత్రం కాదు. అంకె దగ్గర ఏటా ఒకటే గొడవ. లిండె తొమ్మిది అంటుంది, బుర్గి కాదంటుంది, చివరికి సణుగుతూనే తిప్పుతుంది.

ఈ ఏడాది సంగతి వేరు. మొన్నటి శరదృతువులో లిండెకి యాభై దాటింది. యాభై దాటితే అంకె ఒక మెట్టు దిగాలి, ఎముక మునుపటిది కాదు కాబట్టి. అదొక్కటే కాదు. క్రిస్మస్ అయినప్పటి నుంచి లిండె మెట్లు దిగేటప్పుడు కమ్మీ పట్టుకుంటోంది. ఎవరైనా ఉంటే పట్టుకోదు, లేరనుకుంటే పట్టుకుని కుడి కాలు మెల్లగా దింపుతుంది. ఊళ్ళో ఇంకెవరూ అది చూడలేదు. బుర్గి చూసింది, చెల్లెల్ని చూడని రోజు ఆమెకి లేదు కాబట్టి.

పందెం ముందు రోజు మధ్యాహ్నం లిండె స్కీలు భుజాన వేసుకుని వెనక గదిలోకి వచ్చింది. ఆల్విన్ అక్కడే ఒక మూల కూర్చుని ఆపిల్ రొట్టె తింటున్నాడు.

"అక్కా, తొమ్మిది మీద పెట్టు. కాస్త పైనే ఉన్నా పర్లేదు."

"నీకు ఆరు చాలే," అంది బుర్గి, తలెత్తకుండా.

"ఆరా? నన్నేమనుకున్నావు, కొండే ఎరగని హాలండు నుంచి వచ్చిన పిల్లననుకున్నావా?"

"యాభై దాటినదానివనుకున్నా."

"ష్, గట్టిగా అనకు బుర్గీ!" అన్నాడు ఆల్విన్ నోట్లో రొట్టెతో. "స్కీ బడి ప్రకటన మీద ఆవిడ ఫోటో ఊరంతా అంటించారు. వయసు తెలిస్తే మనందరి వ్యాపారం మూతబడుద్ది."

లిండె నవ్వింది. బుర్గి నవ్వలేదు.

"మోకాలెలా ఉంది?"

"ఏ మోకాలు?"

"మెట్ల మీద పట్టుకుని దించుతావే, ఆ మోకాలు."

లిండె ముఖంలో నవ్వు పోయింది. ఆల్విన్ వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించింది. "రోజంతా కిటికీ దగ్గర కూర్చుని నన్నే చూస్తుంటావా ఏంటి?"

"చూడక్కర్లేదు, కనపడుద్ది."

"నీకు కనపడేది మోకాలు కాదులే అక్కా. గంట. అది మా చూరుకి ఉన్నంతకాలం నీకు అన్నం సయించదు. నీకు రాని పందెం నాకూ రాకూడదు, అంతేగా? ఇన్నేళ్ళూ ఏదో ఒకటి అంటూనే ఉన్నావు. తిప్పుతావా, ఆల్విన్ని తిప్పమననా?"

చెల్లెలు అబద్ధం చెప్పి ఉంటే బుర్గి గట్టిగా తిరగబడేది. చెప్పింది నిజం. స్క్రూడ్రైవరు తీసుకుని, లిండె కళ్ళ ముందే రెండు స్కీలకీ ముందూ వెనకా తిప్పింది.

"చూసుకో. తొమ్మిది."

లిండె వంగి, తల వెనక్కి లాక్కుని, కళ్ళు చికిలించి ఆ చిన్న కిటికీలోకి చూసింది. దగ్గర చూపు ఆమెకి ఎప్పుడో పోయింది. ఫోటోలో కళ్ళజోడు లేదు కాబట్టి బయటా ఉండదు.

"ఆఁ, తొమ్మిదే," అని, మైనం పూసి ఉంచమని చెప్పి వెళ్ళిపోయింది. ఆల్విన్ చేతులు దులుపుకుని ముందు గదిలోకి పోయాడు.

బుర్గి స్కీలని బల్ల మీద బిగించి మైనం పూసింది, చల్లారాక గీకింది, కుచ్చు బ్రష్షుతో తుడిచింది. కోపంలో చేసినా పని బాగానే వచ్చింది. తర్వాత ఆ అంకెల కేసి చూస్తూ నిలబడింది.

అడిగింది అదే. ఆల్విన్ ముందే అడిగింది. తొమ్మిది మీద ఉంచితే రేపు ఎవరూ బుర్గిని ఒక్క మాట అనలేరు. పడితే పడుతుంది. పడితే... బుర్గి ఆ ఊహని ఆపలేదు, హాయిగా ముందుకి పోనిచ్చింది. చంకల్లో కర్రలతో లిండె. స్కీ బడి ముందు క్యూ లేదు. హోటల్లో ఎవరో కుర్చీ జరిపితే కూర్చుంటున్న లిండె. వెన్న గురించి ఎత్తని వెండెలిన్. ఇరుగుపొరుగు వచ్చి, "మీ చెల్లెలికి ఎలా ఉందమ్మా?" అని బుర్గినే అడుగుతున్నారు, బుర్గి జాలిగా చెబుతోంది. అదంతా తీయగా ఉంది. అంత తీయగా ఉందని తెలిసేసరికి ఆమె బల్ల దగ్గర నుంచి ఒక అడుగు వెనక్కి వేసింది.

ఇన్నేళ్ళూ తొమ్మిది పెట్టినప్పుడు చెల్లెలు పడాలని ఆమె కోరుకోలేదు. మొండిదానితో వేగలేక పెట్టింది. ఈసారి కోరుకుంది. కోరుకున్నాక అదే అంకె మీద వదిలేసి పోవడం వేరు. అది నాన్న చేసినదాని కంటే నీచం, ఆయన కనీసం గెలవాలని బిగించాడు. బుర్గి స్క్రూడ్రైవరు తీసుకుని నాలుగు స్క్రూలూ వెనక్కి తిప్పింది. ఆరు మీద ఆపింది. చెల్లెలి మీద ప్రేమతో అని చెప్పలేం. ఆ గదిలో ఆ పూట ప్రేమ అనేదేమీ లేదు.

మర్నాడు ఉదయం స్కీలు అందుకుంటూ లిండె, "తొమ్మిదేగా?" అంది.

"ఉండాల్సిన చోటే ఉంది," అంది బుర్గి. లిండె ఎందుకో ఒక్క క్షణం ఆమె ముఖంలోకి చూసి, స్కీలు భుజాన వేసుకుని వాలు పైకి చేర్చే కుర్చీలిఫ్టు వైపు నడిచింది.

ఆ రోజు ఎండ తొందరగా ముదిరింది. ఆడవాళ్ళ వంతు వచ్చేసరికి కింది వాలు మీద మంచు మెత్తబడి బరువెక్కింది. బుర్గి వాలు చివర నారింజ రంగు వల పక్కన, టీ కప్పు పట్టుకుని నిలబడింది. వెండెలిన్ ఆమె వెనకే ఉన్నాడు. ఉత్తరాలు పంచే హిల్ట్రూడ్ అప్పటికే దిగి మంచి సమయం సాధించింది. లిండె బయల్దేరింది. పై మలుపులన్నీ బుర్గి ఒక్కొక్కటిగా లెక్కపెట్టింది. వెండెలిన్ అన్న మాట నిజమే, అలా జారేవాళ్ళు లోయలో ఇంకొకరు లేరు. యాభై దాటినా లేరు. బుర్గికి ఏడుపొచ్చేంత ఓర్వలేనితనం వచ్చింది.

కింది గుట్ట దాటగానే లిండె కుడి స్కీ అంచు మెత్తటి మంచులో దిగబడింది. మనిషి ఎడమకి పోయింది, స్కీ కుడికి పోయింది. కాలు ఆ రెండింటి మధ్యా ఉంది. టప్పుమని బైండింగు తెరుచుకుంది. స్కీ ఎగిరి ఎక్కడో పడింది. లిండె రెండు పల్టీలు కొట్టి, పొర్లుకుంటూ వచ్చి వలలో చిక్కుకుంది.

స్కీ గాల్లో ఉన్నంతసేపూ బుర్గికి సంతోషం వేసింది. దాచుకోవడానికి కూడా వీలులేనంత సంతోషం. ఆ తర్వాతే టీ కప్పు పడేసి కుంటుకుంటూ పరిగెత్తింది. ఆమె చేరేలోపే లిండె వలని పక్కకి నెట్టి లేచి నిలబడింది. మంచు దులుపుకుంది. ఎవరి చెయ్యీ అందుకోలేదు. చూస్తున్నవాళ్ళంతా చప్పట్లు కొట్టారు. గంట హిల్ట్రూడ్‌కి ఖాయమైంది.

ఊడిన స్కీని ఎవరో తెచ్చి ఇచ్చారు. లిండె దాన్ని తిప్పి బైండింగు కేసి చూసింది, కనపడలేదు. పక్కనే ఉన్న ఆల్విన్ ముఖం మీదికి తోసింది.

"చదువు. ఎంతుంది?"

ఆల్విన్ బుర్గి వైపు చూశాడు. చదవక తప్పలేదు. "ఆరు."

చుట్టూ ఉన్నవాళ్ళు దగ్గరికి జరిగారు.

"నా కళ్ళ ముందు తొమ్మిది పెట్టావు," అంది లిండె. "నేను పోయాక తిప్పావు."

"నీకు ఉండాల్సింది ఆరే. నిన్నే చెప్పా."

"తొమ్మిది ఉంటే ఊడేదా?"

"స్కీ ఊడేది కాదు. కాలు ఊడేది."

"ఏ కాలు? ఏదీ, చూపించు! ఇదిగో రెండూ ఉన్నాయి, శుభ్రంగా ఉన్నాయి!" అని లిండె రెండు బూట్లతోనూ మంచు తొక్కింది. "ముప్పై ఏళ్ళకి పైగా కాచుకుని కూర్చున్నావు కదే! కడుపులో అంత విషం పెట్టుకుని మైనం పూశావా నాకు? ఇప్పుడు కళ్ళు చల్లబడ్డాయా?"

బుర్గి ఏం చెప్పినా అంతే. కాలు విరిగి ఉంటే, అయ్యో ఆరు పెట్టాల్సింది అనేవాళ్ళు. విరగలేదు కాబట్టి ఆరు పెట్టడమే నేరమైంది. విరగని కాలు ఎవరి తరఫునా సాక్ష్యం చెప్పదు. అందరూ ఆమె ముఖంలోకే చూస్తున్నారు. కాసేపటి కిందటి సంతోషం ఇంకా ఎక్కడో అంటుకుని ఉందేమోనని బుర్గి తల దించుకుంది. తల దించుకోవడంతో ఊరికి తీర్పు చెప్పే పని కూడా తప్పింది.

వారం తిరక్కుండా ఓబర్‌మోస్‌లో కళ్ళజోళ్ళు బయటికి వచ్చాయి. ఒక్కొక్కడూ తన స్కీలు చంకన పెట్టుకుని దుకాణానికి రావడం, వెలుగులో నిలబడి కిటికీలో అంకె చూసుకోవడం. "ఊరికే, చూద్దామని," అనేవాడు ఒకడు. చెక్క కోసే ఆయన మరీ ముందుకెళ్ళి, "నాది బిగించమని మా ఆవిడ గానీ నీకేమైనా చెప్పిందా బుర్గీ?" అని అడిగాడు. ఆల్విన్ పనిలోంచి తీసేస్తాడేమోనని బుర్గి రెండు రోజులు భయపడింది. తీయలేదు. "నేనెవర్ని తీయడానికి, నువ్వు లేకపోతే ఆ మైనం వాసనలో ఎవడు కూర్చుంటాడు," అన్నాడు. అది ఓదార్పో కాదో ఆమెకి తేలలేదు.

వెండెలిన్ మాత్రం ఏమీ అనలేదు. అనకుండా ఉండటం ఆయనకి అలవాటే గానీ, ఇది వేరే రకం అనకపోవడం. ఒక సాయంత్రం రొట్టె ఉండల పులుసు ముందు కూర్చుని చెంచా పక్కన పెట్టాడు.

"ఒక్కటడుగుతా, కోప్పడకు. అక్కసుతోనే చేశావా?"

బుర్గి తన గిన్నెలో ఉండని రెండుగా కోసింది. "ఊడినప్పుడు సంతోషం వేసింది," అంది.

"తిప్పినప్పుడు?"

"తిప్పినప్పుడు ఏమీ వేయలేదు. అది సరైన అంకె."

"మరి ఆ మాటే చెప్పొచ్చుగా నలుగురిలో."

"ఎలా చెప్పను? మొదటిది దాచి రెండోది చెప్పాలి. నా ముఖం దాచుద్దా?"

వెండెలిన్ ఆమె ముఖం కేసి చూశాడు. "దాచదు," అని చెంచా తీసుకున్నాడు.

లిండె అక్కతో మాట మానేసింది. గోడ అవతల నవ్వు వినిపిస్తూనే ఉంది. దానికి తలుపు వేసుకోవడం బుర్గికి అలవాటే. కానీ ఒక రోజు కిటికీలోంచి చూస్తే లిండె స్కీలని కారులో పెట్టుకుంటోంది. వాలు వైపు కాదు, లోయ కిందికి పోయే దారి పట్టింది. కింద ఫాల్బాక్‌లో ఇగ్నాజ్ అనే అతను ఒక చిన్న దుకాణం నడుపుతాడు. ఆల్విన్ దుకాణం కాక ఆ చుట్టుపక్కల బైండింగు పని తెలిసినవాడు అతను ఒక్కడే. కారు మలుపు తిరిగేదాకా బుర్గి కిటికీ వదల్లేదు. ఆ స్కీలు తన బల్ల మీద తప్ప ఇంకే బల్ల మీదా పడుకోలేదు. వాటి అంచుల్లో ప్రతి గాటూ ఆమెకి తెలుసు. ఆ ఇగ్నాజ్ మొరటు చేతులతో వాటిని పట్టుకుంటాడు. మైనం వేడి ఎక్కువ పెడతాడు. అన్నిటికీ మించి, లిండె నవ్వి తొమ్మిది అంటే కిమ్మనకుండా తొమ్మిది పెడతాడు. మా లోయలో ఆమె నవ్వితే కాదన్న మగాడు లేడు.

కారు తిరిగొచ్చేదాకా బుర్గి బంగాళాదుంపల తోలు తీస్తూనే ఉంది, ఇద్దరు మనుషులకి చాలినన్ని ఎప్పుడో అయిపోయాయి. కారు తిరిగొచ్చాక వంటింట్లో ఫోను అందుకుంది.

"ఇగ్నాజ్, నేను బుర్గిని. పైన ఓబర్‌మోస్ నుంచి."

"తెలుసు. ఎప్పుడు చేస్తావా అనే చూస్తున్నా," అన్నాడు ఇగ్నాజ్.

"మా చెల్లెలొచ్చిందా?"

"వచ్చింది, వెళ్ళింది. స్కీలు ఇక్కడే ఉన్నాయి. రేపు ఇస్తానన్నా."

"అయితే మంచిదే. నా మాట విను. ఎంతడిగిందో నాకు తెలుసు. అడిగినంత పెట్టానని చెప్పు, ఆరు పెట్టు. కళ్ళజోడు పెట్టుకోదు, దానికి కనపడదు. ఎప్పుడైనా తెలిస్తే నా పేరే చెప్పు, తిట్లు నాకు కొత్త కాదు. ఆ కుడి మోకాలు బాలేదయ్యా. ఈసారి ఊడకపోతే పోద్ది."

అవతల ఏదో పనిముట్టు బల్ల మీద పెట్టిన చప్పుడైంది.

"బుర్గీ," అన్నాడు ఇగ్నాజ్. "ఆవిడ ఆరే అడిగింది."

"ఏంటీ?"

"ఆరే. పాత పందెగత్తె కదా అని నేనే ఎనిమిది పెట్టమంటారా అన్నా. కసిరింది. మోకాలు బాలేదు, క్రిస్మస్ నుంచి నిద్ర పట్టట్లేదు, ఆ రోజు ఊడబట్టి బతికిపోయా అంది. ఇక్కడ స్టూలు మీద కూర్చుని చాలాసేపు చెప్పింది, కాస్త ఏడ్చింది కూడా. ఎవరికీ చెప్పొద్దంది. అందరికంటే ముందు మా అక్కకి చెప్పావంటే స్కీ కర్రతో పొడుస్తానంది."

"మరి నాకెందుకు చెప్పావు?"

"నువ్వు ఊళ్ళో మాట పడుతున్నావని విన్నా. తెలిస్తే నీ మనసు తేలికపడుద్దని."

బుర్గి ఏదో అంది, థాంక్సో ఉంటానో, ఆమెకే తెలియదు. ఫోను పెట్టేసింది.

మోకాలు భద్రంగా ఉంటుంది. అది తెలిసి మనసు తేలికపడింది కూడా, ఎంతసేపని, తడి చేతులు తుడుచుకున్నంతసేపు. ఆ తర్వాత మొదలైంది. మోకాలు బాలేదని చెప్పిందట. ఊడబట్టి బతికిపోయానందట. స్టూలు మీద కూర్చుని ఏడ్చిందట. ఎవరి ముందు? పేరు తప్ప ఇంకేమీ తెలియని ఒక మొరటోడి ముందు. క్రిస్మస్ నుంచి ఆ మోకాలిని కళ్ళలో పెట్టుకుని చూసింది బుర్గి. ఊరందరి ముందూ ఆ మోకాలి కోసం మాట పడింది బుర్గి. ఆ ఒక్క ముక్క గోడకి ఇవతల, ఈ వంటింట్లో లిండె చెప్పి ఉంటే, పత్రికలో ఫోటో, ఎండ వైపు వాటా, నెరవని జుట్టు అన్నీ ఆమెకే రాసిచ్చి బుర్గి ఊరుకునేది. ఇన్నేళ్ళుగా చెల్లెలి మీద పడ్డ అసూయంతా ఒకచోట పోసినా ఆ సాయంత్రం ఇగ్నాజ్ మీద పడ్డదానికి సరిపోదు.

"ఎవరే ఫోన్లో?" అన్నాడు వెండెలిన్, బూట్లు విప్పుకుంటూ లోపలికి వస్తూ.

"ఫాల్బాక్ ఇగ్నాజ్," అంది బుర్గి, ఇంకో బంగాళాదుంప అందుకుంటూ. "వాడికి మైనం పూయడం కూడా చేతకాదు."